ఖాలిస్ ఖూన్, మిర్చీ బండి

2022 సెప్టెంబర్‌లో ఫెరారీ వాళ్లు నాలుగు తలుపుల బండి ఒకటి లోకానికి చూపించారు. దానికి పెట్టిన పేరు పురోసాంగ్వే. ఇటాలియన్‌లో మేలుజాతి గుర్రాన్ని అలా అంటారు. మాటను విడదీస్తే స్వచ్ఛమైన రక్తం. మన జబాన్‌లో చెప్పాలంటే ఖాలిస్ ఖూన్.

దాదాపు 75 ఏళ్లు రెండు తలుపుల బండ్లే అమ్మిన కంపెనీ అది. ఎత్తుగా, నలుగురు పెద్దమనుషులు హాయిగా కూర్చునేలా బండి చేస్తే జనం ఏమంటారో వాళ్లకు తెలుసు. కల్తీ అంటారు. ఆ మాట ఎవరి నోటా రాకముందే బిడ్డకు ఖాలిస్ ఖూన్ అని నామకరణం చేసేశారు. ఇప్పటికీ దాన్ని ఎస్‌యూవీ అంటే ఒప్పుకోరు. నాకు నవ్వొచ్చింది. మన ఖాందాన్లలో రిష్తాలు కుదిర్చేటప్పుడు చూడండి, ఎవరి మనసులో అనుమానం ఎక్కువ ఉంటుందో వాళ్లే నసబ్ గురించి గట్టిగా మాట్లాడతారు.

స్పోర్ట్స్ కార్లు చేసే కంపెనీ ఎస్‌యూవీలు, సెడాన్లు కూడా చేయాలా వద్దా? కార్ల శౌక్ ఉన్నవాళ్ల మధ్య ఇది 20 ఏళ్లకు పైగా నలుగుతున్న ఝగ్డా. వద్దనేవాళ్ల మాట సూటిగా ఉంటుంది: నీ హునర్ ఒకటి, దాన్ని వదిలి బజారు అడిగిందల్లా చేస్తే నీకూ మిగతావాళ్లకూ తేడా ఏముంది? చేయాలనేవాళ్ల మాట ఇంకా సూటిగా ఉంటుంది: కంపెనీ బతకాలి కదా? నేను వీటిలో ఏ బండీ కొనే స్థోమత ఉన్నవాణ్ని కాను. అయినా ఈ బహస్ నన్ను వదలదు. ఇది పైకి కార్ల గురించిన బహస్‌లా కనిపిస్తుంది. లోపల ఉన్నది హునర్‌కూ రోజీకీ మధ్య తగాదా. మన ఇళ్లలో అందరికీ తెలిసిన తగాదా.

ఈ సవాల్‌కు అందరికంటే పెద్ద మిసాల్ పోర్షె. ఆ కంపెనీ పేరు చెప్పగానే కళ్లముందు కదిలే బండి 911. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి పెట్టినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో అభ్యంతరం పెడితే 911 అయింది. ఇంజన్ వెనక చక్రాలకూ వెనక ఉంటుంది. లెక్క ప్రకారం ఉండకూడని చోటు అది. మలుపులో వెనక భాగం బరువుగా బయటికి లాగుతుంది. ఆ లోపాన్నే దశాబ్దాల తరబడి సానబట్టి హునర్‌గా మార్చారు అక్కడి ఇంజనీర్లు. ఆ జిద్దు మీద నాకు ఇజ్జత్ ఉంది.

కానీ జిద్దుతో పొయ్యి వెలగదు. 1980ల మధ్యలో పోర్షె ఏడాదికి 50 వేలకు పైగా బండ్లు అమ్మేది. వాటిలో పెద్ద వాటా అమెరికాకే. డాలర్ పడిపోయింది, అక్కడి బజారు మందగించింది, 1990ల మొదటికి వచ్చేసరికి అమ్మకాలు 15 వేల దరిదాపులకు దిగజారాయి. ఆ కష్టకాలంలో ష్టుట్‌గార్ట్ దగ్గర త్సుఫెన్‌హౌజెన్‌లోని పోర్షె కార్ఖానాలో ఏం చేసేవాళ్లో తెలుసా? మెర్సిడెస్ వాళ్ల 500 ఈ అనే సెడాన్. కాంట్రాక్టు పని. అంటే స్పోర్ట్స్ కార్లు తప్ప వేరేవి చేయకూడదు అన్న పట్టుదల ఉన్న ఇంట్లోనే, పక్కింటివాళ్ల సెడాన్ కుట్టిపెట్టి కూలి తీసుకున్నారు. పెళ్లి షేర్వానీలు తప్ప కుట్టని దర్జీ, సీజన్ లేనప్పుడు రాత్రిపూట తలుపులేసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టినట్టు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నాలుగు తలుపుల సొంత సెడాన్ కోసం అప్పట్లో 989 అనే ప్రయత్నం మొదలెట్టారు కానీ డబ్బు చాలక మధ్యలో ఆపేశారు.

తర్వాత వెండెలిన్ వీడెకింగ్ పగ్గాలు పట్టుకున్నారు. టొయోటాలో పనిచేసి వచ్చిన జపాన్ ఉస్తాదులను పిలిపించి కార్ఖానాలో వృథాను తగ్గించారు. 1996లో 911 కంటే చౌకగా దొరికే బాక్స్‌టర్ వచ్చింది. 2002లో పారిస్ ప్రదర్శనలో కయెన్ వచ్చింది. ఫోక్స్‌వాగన్ టూరెగ్‌తో కింది నిర్మాణం పంచుకున్న ఎస్‌యూవీ. కయెన్ అంటే ఒక రకం ఎర్ర మిరప పేరు కూడా. గుంటూరు యార్డు తెలిసిన మనకు ఆ పేరు పరాయిగా అనిపించదు. కానీ ఆ మిర్చి చాలామంది కళ్లల్లో పడింది. దాని మొహం బాగాలేదన్నారు, 911 మొహాన్ని తెచ్చి పెద్ద డబ్బాకు అతికించారన్నారు, పోర్షె చచ్చిపోయిందన్నారు.

20 ఏళ్ల తర్వాతి లెక్క చూద్దాం. 2023లో పోర్షె ప్రపంచమంతా కలిపి 3 లక్షల 20 వేల బండ్లు ఇచ్చింది. అందులో కయెన్, దాని తమ్ముడు మకాన్ కలిసి దాదాపు 1 లక్షా 75 వేలు. సగానికి పైన. మరి చచ్చిపోతుందన్న 911? అదే ఏడాది 50 వేలు దాటింది. 1980ల మధ్యలో మంచి రోజుల్లో కంపెనీ అన్ని మోడళ్లూ కలిపి ఎన్ని అమ్మేదో, ఇప్పుడు 911 ఒక్కటే దాదాపు అన్ని అమ్ముడవుతోంది. పెద్దకొడుకు చదువు కోసం చిన్నకొడుకు దుకాణంలో కూర్చున్న ఇళ్లు మనం చూడలేదా? ఇది అలాంటిదే. మిర్చీ బండి దుకాణం నడిపింది, 911 చదువుకుంది.

అలా కాకుండా జిద్దు పట్టినవాళ్ల కథ కూడా వినాలి. ఇంగ్లండ్‌లో లోటస్ ఉంది. కాలిన్ చాప్‌మన్ పెట్టిన కంపెనీ. బండి ఎంత తేలికైతే అంత గొప్ప అన్నది వాళ్ల ఈమాన్. 1996లో వాళ్లు చేసిన ఎలీస్ బరువు ముప్పావు టన్నుకు తక్కువ. అల్యూమినియం పట్టీలను జిగురుతో అతికించి కట్టిన బండి. అప్పటి యజమాని రొమానో ఆర్టియోలి తన మనవరాలి పేరు దానికి పెట్టారు. నడిపినవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. కానీ లోటస్ ఇల్లు ఏనాడూ కుదురుగా లేదు. 1986లో జనరల్ మోటార్స్ చేతికి, 1993లో ఆర్టియోలి చేతికి, 1996లో మలేసియా ప్రోటాన్ చేతికి, 2017లో చైనా గీలీ చేతికి. ఇప్పుడు లోటస్ పేరుతో వూహాన్‌లో ఎలెట్రే అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తయారవుతోంది. మూడు ఎలీస్‌లు తక్కెడలో ఒకవైపు వేసినా ఎలెట్రే వైపే మొగ్గుతుంది. తేలికదనమే ఈమాన్ అనుకున్న ఇంటి పేరు మీద!

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒకటి అర్థమవుతుంది. పెద్ద బండి చేయాలా వద్దా అన్నది చాలాసార్లు అసలు సవాలే కాదు. ఎప్పుడు, ఎవరి చేతుల్లో అన్నదే సవాల్. పోర్షె తన కార్ఖానా తన చేతిలో ఉండగానే, తన ఇంజనీర్లతో, తన ఇష్టప్రకారం దిగింది. లోటస్ మజ్బూరీలో, వేరేవాళ్ల ఇంట్లో, వేరేవాళ్ల డబ్బుతో దిగింది. ఇజ్జత్ కాపాడుకోవడానికి ఆలస్యం చేస్తే ఒక్కోసారి ఆ ఇజ్జతే అమ్ముకోవాల్సి వస్తుంది.

ఇంతకీ ఆ ఖాలిస్‌తనం మొదట్నుంచీ ఉన్నదేనా? ఫెర్రుచియో లంబోర్ఘిని కార్ల కంటే ముందు ట్రాక్టర్లు చేసినవాడు. పొలంలో దున్నే బండ్లు అమ్మిన డబ్బుతోనే 1963లో కార్ల కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ 2023లో మొదటిసారి 10 వేల బండ్లు దాటింది. అందులో 6 వేలకు పైగా ఉరుస్ అనే ఎస్‌యూవీలే. పోర్షె పేరుతో కూడా 1950ల్లో, 60ల మొదట్లో ఎర్రటి డీజిల్ ట్రాక్టర్లు అమ్ముడయ్యాయి. 1948లో పోర్షె పేరుతో వచ్చిన మొదటి స్పోర్ట్స్ కారు 356 కూడా చాలావరకు ఫోక్స్‌వాగన్ బీటిల్ సామాన్లతో కట్టిందే. అంటే ఖాలిస్ అని మనం మొక్కే ఆ తొలి బిడ్డ కూడా కలిపి కుట్టిన గుడ్డే. కయెన్ కింద ఫోక్స్‌వాగన్ ఉందని ఏడ్చినవాళ్లు 356 కింద ఏముందో మరిచిపోయారు.

స్వచ్ఛమైన రక్తం అన్న మాట దగ్గర ఇంకో పేరు చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను. అడోల్ఫ్ రోజెన్‌బర్గర్. 1931లో ష్టుట్‌గార్ట్‌లో పోర్షె కంపెనీ పెట్టినప్పుడు ఫెర్డినాండ్ పోర్షె, ఆయన అల్లుడు ఆంటోన్ పియెష్‌తో పాటు మూడో భాగస్వామి ఈయన. రేసులు నడిపిన డ్రైవరు. తొలిరోజుల్లో కంపెనీ నిలబడటానికి డబ్బు సర్దినవాడు. యూదుడు. 1935లో ఆయన వాటా చేయి జారింది. అదే ఏడాది ఆయన్ని అరెస్టు చేసి క్యాంపుకు పంపారు. మోపిన నేరం జాతి రక్తాన్ని మలినం చేయడం. యూదేతర స్త్రీతో సంబంధం ఉందని. బయటపడి దేశం వదిలాడు. 1967లో అమెరికాలో చనిపోయాడు. కంపెనీ చెప్పుకునే కిస్సాలో చాలా ఏళ్లు ఆయన పేరు పెద్దగా వినిపించలేదు. ఫెర్డినాండ్ పోర్షె మాత్రం హిట్లర్ కోరిన జనం కారు, బీటిల్, గీసిన గొప్ప ఇంజనీరుగా మిగిలాడు.

కారు రక్తాన్నీ మనిషి రక్తాన్నీ ఒకే తూకం వేయను. ఇటాలియన్ కంపెనీ గుర్రం పేరు పెట్టుకుంటే అది తప్పని కూడా అనను. కానీ ఖాలిస్, మిలావట్ అన్న మాటలు వినగానే మనలాంటివాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ సాబ్ వాక్యంలో తెలుగు మాట దొర్లితే బెత్తం చూపించేవారు. తెలుగు డిగ్రీ చదివేటప్పుడు మా మాస్టారు నా వ్యాసంలో ఉర్దూ మాటల కింద ఎర్రగీతలు గీసేవారు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి దయతోనే నాకు రెండు భాషలూ వచ్చాయి. ఆ రెండూ కలిసిన ఈ మూడో జబాన్‌లోనే అమ్మీ నన్ను తిట్టింది, లాలించింది, దువా చేసింది. అందుకే కలిపినది కాబట్టి చెడ్డది అనే దలీల్ ఎక్కడ విన్నా నాకు రుజువు కావాలి.

ఇక రోజీ సంగతి. రాయచోటి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లిన మనవాళ్లు ఎంతమందో మీకు చెప్పనక్కర్లేదు. మా ఖాలా కొడుకు అక్కడ ఖాదిమ్ వీసా మీద హౌస్ డ్రైవర్. వాళ్ల కఫీల్ ఇంట్లో రెండు పోర్షెలు ఉన్నాయి. ఒకటి 911, ఒకటి కయెన్. 911ను కఫీల్ జుమేరాత్ రాత్రి తనే తీసుకెళ్తాడు. కయెన్‌ను మావాడు నడుపుతాడు. పొద్దున పిల్లల్ని బడికి, తర్వాత బేగం సాహెబాను బజారుకు, సాయంత్రం ముసలి తల్లిని ఆసుపత్రికి. సెలవుకు వచ్చినప్పుడు అడిగాను, రెండింట్లో నీకు ఏది ఇష్టంరా అని. 911 పేరు చెబుతాడనుకున్నాను.

"ఉస్మే మేరేకు జగా కాఁ హై, భాయ్‌జాన్?" అన్నాడు. దాంట్లో నాకు చోటెక్కడ అని. "అది నడపడానికే కొనుక్కుంటారు. దానికి డ్రైవర్ ఎందుకు? నా రోటీ పెద్ద బండిలోనే ఉంది."

కార్ల పత్రికలు తిరగేసి ఇంత బహస్ చదివాను, ఈ మాట ఎవరూ రాయగా చూడలేదు. స్పోర్ట్స్ కారు యజమాని కోసం పుట్టిన బండి. అందులో వెనకసీటు పేరుకే ఉంటుంది. అమ్మకు చోటుండదు, మూడో బిడ్డకు చోటుండదు, జీతానికి నడిపేవాడికి అసలే ఉండదు. నాలుగు తలుపులు పెట్టగానే ఆ బండిలోకి ఒక ఇల్లు ఎక్కుతుంది. ఒక ఖాదిమ్ రోజీ కూడా ఎక్కుతుంది. లీప్‌జిగ్‌లో పోర్షె కొత్త కార్ఖానా పెట్టిందే కయెన్ కోసం. దాని బాడీలు స్లొవాకియాలోని బ్రాటిస్లావా నుంచి వచ్చేవి. అక్కడ బిగించిన నట్టుకు రాయచోటిలో ఒక ఇంటి స్లాబు లేచింది. హునర్‌ను మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా రాసుకోవాలి.

అలాగని ఏది చేసినా జాయిజ్ అనను. పెద్ద బండికి వ్యతిరేకంగా ఉన్న గట్టి దలీల్ రక్తం గురించి కాదు, ఇస్రాఫ్ గురించి. రెండు టన్నుల బండిలో ఒక్క మనిషి కూర్చుని రొట్టె ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లడం ఇస్రాఫ్ కాక ఏమిటి? పెట్రోలు, రోడ్డు, పక్కన నడిచేవాడి ప్రాణం, అన్నీ దాని లెక్కలోనే. 2024 ఫిబ్రవరిలో పారిస్ నగరం ఓటు పెట్టి, బయటి నుంచి వచ్చే బరువైన బండ్లకు పార్కింగ్ రుసుం మూడింతలు చేసింది. నగరం మధ్యలో గంటకు 18 యూరోలు. అదే పారిస్, 2002లో కయెన్‌కు ముసుగు తీసిన పారిస్. ఈ దలీల్‌కు ఏ కంపెనీ దగ్గరా సరైన జవాబ్ లేదు. ఎలక్ట్రిక్ చేసినా బరువు తగ్గలేదు, పెరిగింది.

ఇంకో ముప్పు నఫ్స్‌ది. కయెన్ తెచ్చిన బర్కత్ చూసి పోర్షె ఏం చేసింది? తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఫోక్స్‌వాగన్‌నే మింగాలని చూసింది. అప్పు మీద అప్పు చేసింది. 2008 మాంద్యం వచ్చి పడింది. 2009 జూలైలో వీడెకింగ్ దిగిపోయారు. చివరికి ఫోక్స్‌వాగనే పోర్షెను కలిపేసుకుంది. బండి చేసి చెడలేదు, దురాశ చేసి చెడింది. తర్వాత చైనా. 2021లో ఆ ఒక్క దేశంలోనే పోర్షె 95 వేలకు పైగా బండ్లు ఇచ్చింది. 2024లో ఆ సంఖ్య 57 వేల లోపుకు పడింది. ఒకప్పుడు అమెరికా మీద ఆధారపడి దెబ్బతిన్న ఇల్లు ఈసారి చైనా మీద ఆధారపడి దెబ్బతింది. ఎస్‌యూవీ రోజీ ఇస్తుంది కానీ ఖాయిదా నేర్పదు. అది మనమే పెట్టుకోవాలి.

అందుకే నా రాయ్ ఇది. స్పోర్ట్స్ కార్లు చేసేవాళ్లు ఎస్‌యూవీలు, సెడాన్లు చేయొచ్చు. చేయాలి కూడా. కానీ మూడు షర్తులు. ఒకటి, కష్టం ముంచుకొచ్చాక కాదు, చేతిలో బలం ఉన్నప్పుడే చేయాలి. రెండు, పెద్ద బండి సంపాదించిన దాంట్లో వాటా పాత పొయ్యికి వెళ్లాలి. 50 వేల 911లు అమ్ముడవుతున్నాయంటే ఆ పొయ్యి ఆరలేదనే. మూడు, హద్దు. ఎన్ని చేయాలో ముందే అనుకోవాలి. పురోసాంగ్వే పేరు చూసి నవ్వాను కానీ ఫెరారీ వాళ్ల ఒక మాట నాకు నచ్చింది. మొత్తం ఉత్పత్తిలో ఆ బండి 20 శాతానికి మించకూడదని వాళ్లు గీత గీసుకున్నారు. కొనేవాళ్లు క్యూలో ఉన్నా సరే. ఆకలి మీద ఉన్న గిరాకీని ఆపగలగడం అందరికీ రాదు. ఏడాదికి 14 వేలు కూడా దాటని కంపెనీ కాబట్టి వాళ్లకు సాగుతోంది అనొచ్చు. నిజమే. అయినా గీత గీతే.

కలం పట్టినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పత్రికలో పగలంతా నేను చేసేది కయెన్ పనే. వార్తలు తిరగరాయడం, ప్రకటనల పేజీలకు తెలుగు కుదర్చడం, సర్కారు ప్రెస్‌నోట్లను మనుషుల భాషలోకి తేవడం. దాంట్లో కూడా హునర్ ఉంది, హలాల్ రోజీ ఉంది, పిల్లల ఫీజులు ఉన్నాయి. దాన్ని చిన్నచూపు చూసే రచయితలను చూస్తే నాకు కోపమొస్తుంది. రాత్రి ఇషా తర్వాత ఇలా మీ కోసం రాసుకునేది నా చిన్న బండి. పగటి పని లేకపోతే ఇది ఎప్పుడో షెడ్డు చేరేది. కానీ పగటి పని రాత్రిని కూడా అడగడం మొదలుపెడితే, అక్కడ గీత గీయాల్సింది నేనే. అది కంపెనీ గీసి ఇవ్వదు.

మీ ఇళ్లలోనూ ఉంటారు. ఖవ్వాలీ గొంతు ఉండి పెళ్లి బ్యాండులో పాడే బావ, మంచి ఖత్ ఉండి సైన్‌బోర్డులు రాసే మామూ, నక్షీ పనిలో దిట్ట అయి ఉండి నైటీలకు లేసులు కుట్టే ఆపా. వాళ్లను ఖాలిస్‌గా ఉండలేదని అనకండి. వాళ్ల అసలు పని ఇంకా బతికి ఉందా, దానికి వారంలో ఒక పూటైనా దక్కుతోందా అని అడగండి. దక్కుతుంటే మాషా అల్లాహ్ అనండి. దక్కకపోతే ఆ ఒక పూట వాళ్లకు మీరు ఇప్పించండి.